ఈస్టర్ వారం వాన సూచన

సింగపూర్‌లో వసంతమంటూ వేరే ఏమీ లేదు. ఏప్రిల్ వస్తే రెండు రుతుపవనాల నడుమ గాలి స్తంభించిపోతుంది. వెదురు గడల మీద ఆరేసిన బట్టలు సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంటాయి. ఇక సుమత్రా మీదుగా ఈదురుగాలి బయలుదేరిందంటే తెల్లవారేసరికి మన మీద పడుతుంది, గంటసేపు అల్లకల్లోలం చేసి సముద్రంలోకి వెళ్ళిపోతుంది.

ఈ సంగతులు నాకు చెప్పింది మా ఆయన. జురాంగ్ ఐలాండ్‌లో ఒక రసాయనాల ప్లాంటులో ఇంజనీరు. పిడుగు హెచ్చరిక మోగితే ఎత్తుల మీద పనిచేసేవాళ్ళందరినీ కిందికి దింపించడం ఆయన పని. అందుకే పేపర్లో ముందు చూసేది వాతావరణమే. నేను టోవా పాయోలో ఒక బ్యాంకుకి ప్రోగ్రాములు రాసేదాన్ని. ఆ రోజుల్లో మనవాళ్ళు కంప్యూటర్ ఉద్యోగాలకి విమానాల నిండా దిగుతున్నారు. మా తెలుగు క్రైస్తవ సంఘం కూడా అలాగే నిండింది.

నేను ఊళ్ళో కూడా సంఘంలోనే పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న సంఘ పెద్ద. వాక్యం చదవకుండా మా ఇంట్లో ఎవరూ కంచం ముందు కూర్చోలేదు. మా ఆయనది వేరే ఇల్లు. అత్తయ్యకి శనివారాలు, ఉపవాసాలు, కొండకి మొక్కులు. పెళ్ళయ్యాక ఆయన ప్రతి ఆదివారం నాతో వచ్చి వెనక బెంచీలో కూర్చునేవారు, అంతే. కొన్నేళ్ళు మోకాళ్ళ మీద ప్రార్థించాను. చివరికి ఆ ఏడు, ఈస్టర్‌కి ముందు నలభై రోజుల శ్రమల కాలంలో, ఒక సాయంత్రం అన్నం తింటూ, తలెత్తకుండా, "ఈస్టర్‌కి తీసుకుంటాలే బాప్తిస్మం" అన్నారు. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"కానీ ఒకటి" అన్నారు. "అమ్మ ఈస్టర్ దాటిన బుధవారం దిగుతుంది. ఆవిడ వచ్చాక నావల్ల కాదు. ఈస్టర్‌నాడు అయితే అయినట్టు. లేకపోతే మళ్ళీ అడక్కు."

ఈస్టర్‌కి ముందు వచ్చే మట్టల ఆదివారం, ఆరాధన నుంచి వచ్చి ఆయన పేపరు తెరిచారు.

"ఏమంటున్నాడు?"

"వచ్చే వారమంతా పొద్దుటి పూట ఉరుములు, వాన, ఈదురుగాలులు. మధ్యాహ్నం నుంచి పొడిగా ఉంటుందట."

"ఆదివారం కూడానా?"

"వారమంతా అన్నాడుగా."

ఆ పేజీని జాగ్రత్తగా మడత పెట్టి బల్ల మీద ఉంచారు. మామూలుగా అయితే సోఫాలో పడేస్తారు. నాలాగే ఆయనకీ ఆందోళనగా ఉందనుకున్నాను.

మా సంఘంలో బాప్తిస్మాలు ఏడాదికి ఒకసారి, ఈస్టర్ తెల్లవారుజామున, సముద్రంలో జరిగేవి. మాకు హాలు అద్దెకిచ్చే తమిళ సంఘంలో వేదిక కిందే తొట్టె ఉంది. అడిగితే ఇస్తారు. బుధవారం యీషున్‌లో మా ఫ్లాట్‌లో గృహ ప్రార్థన పెట్టుకున్నప్పుడు ఆ మాటే వచ్చింది. మా పాస్టర్ గారిది గోదావరి డెల్టా. తల అడ్డంగా ఊపారు.

"కాలవలో మునిగినోళ్ళం మనం. తొట్లో ముంచితే తానం అంటారండీ, బాప్తిస్మం అనరు."

అందరూ నవ్వారు. ప్రార్థన అంశాలు చెప్పమన్నారు. ఒకరికి వీసా, ఒకరికి ఉద్యోగం, ఊళ్ళో ఎవరికో ఆపరేషన్. ఆఖరున నేను, "ఆదివారం ఉదయం వాన రాకూడదని" అన్నాను. మా ఆయన పేపర్లో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించారు. అది విని, ఏడాది కిందట వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ తమ్ముడు వేళాకోళానికి దిగాడు.

"ఏం బావగారూ, దేవుడి మాట కన్నా పేపరు వాడి మాట మీద గురి ఎక్కువలా ఉందే!"

"పేపరు వాడు కానుక పెట్టె తిప్పడయ్యా."

పాస్టర్ గారు కూడా నవ్వాపుకోలేకపోయారు. తర్వాత అందరం మోకరించాం. గాలినీ సముద్రాన్నీ గద్దించినవాడు సుమత్రా గాలిని గద్దించలేడా అని ఏడ్చి ప్రార్థించాం. మా ఆయన కూడా కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదలడం చూశాను. ఎన్నడూ చూడలేదు అంతకుముందు. ఆ ఒక్క దృశ్యంతో నా గుండె నిండిపోయింది.

గురువారం పొద్దున గాలి వచ్చింది. పేపరు వాడు చెప్పినట్టే. ఎదురు బ్లాకులో ఎవరి దుప్పటో గడతో సహా ఊడి, పిల్లలాడుకునే స్థలంలో పడింది. శుభ శుక్రవారం ఇంకా ముందే వచ్చింది. నేను ఉపవాసంలో ఉన్నాను. ఆయన కిటికీ దగ్గర కాఫీ పట్టుకుని పడమటి వైపు చూస్తూ నిలబడ్డారు. శనివారం ఒక్క చినుకు లేదు. నాకు ధైర్యం రావాల్సింది, రాలేదు. చెప్పినది చెప్పినట్టు జరుగుతుంటే మధ్యలో ఒకరోజు ఆగడం వింతగా తోచింది. ఆయన మాత్రం మడత పెట్టిన ఆ పేజీని మళ్ళీ తీసి చూసుకున్నారు.

ఆదివారం. తూర్పు తీరం ఇసుక మీద తెల్లబట్టల్లో యాభై మందిమి ఉంటాం. సముద్రం మీద ఆకాశం శుభ్రంగా ఉంది, అంచున ఎర్రదనం. మేమందరం సూర్యుడు వచ్చే వైపే తిరిగి నిలబడ్డాం. మబ్బు మా వీపు వెనక నుంచి, ఊరి మీదుగా వస్తోందని ఎవరూ చూడలేదు.

బాప్తిస్మం తీసుకునేవాళ్ళు ముగ్గురు. నీళ్ళలోకి దిగేముందు ఒక్కొక్కరు తాము మారిన వైనం సాక్ష్యంగా చెప్పాలి. సాక్ష్యాన్ని కుదించమని చెప్పే అలవాటు మావాళ్ళకి లేదు. అలా చెబితే పరిశుద్ధాత్మను ఆర్పినట్టవుతుంది. మొదట ఒక నర్సు. ఆమె చెప్పి, పాట పాడి, మునిగి లేచేసరికి వెలుతురు రావాల్సినంత రాలేదు. రెండో ఆయన షిప్‌యార్డులో వెల్డరు, శ్రీకాకుళం వైపు మనిషి.

"నానేటి సెప్పాలండీ... తాగేసి తొంగునేవోడిని. మా అమ్మ సచ్చిపోయినపుడు కూడా తెలివి నేదు..."

అందరూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. నేను కూడా. ఆయన చిన్నతనం నుంచి మొదలుపెట్టి ఓడ ఎక్కేదాకా వచ్చేసరికి మెడ మీద చల్లగాలి తగిలింది. ఇక్కడే పుట్టి పెరిగిన పెద్ద ఆంటీ ఒకావిడ గొడుగు వెతుక్కుంటూ, తమిళం కలిపి, "అయ్యో, మళై, వాన వచ్చేస్తోంది పాస్టర్, త్వరగా లా!" అంది. వెనక్కి తిరిగాను. ఊరి మీద ఇనుప గోడలా నల్లటి మబ్బు, దాని అడుగున తెల్లటి వాన తెర. ఎత్తయిన ఫ్లాట్లు ఒకటొకటిగా కనపడకుండా పోతున్నాయి.

వెల్డరు సోదరుడు మునిగి లేచాడు. పాస్టర్ గారు నడుము లోతులో నిలబడి మా ఆయన వైపు చెయ్యి చాచారు. "రండి బ్రదర్, ఒక్క నిమిషం పని!"

ఆయన మోకాళ్ళ దాకా దిగారు. అప్పుడే మొదటి మెరుపు. ఆయన ఆగి, పిడుగు శబ్దం ఎంతసేపటికి వస్తుందో విన్నారు. నేను మనసులో, ఇంకొక్క నిమిషం ప్రభువా అంటున్నాను. ఆయన గట్టిగా అరిచారు, ప్లాంటులో అరిచే గొంతుతో. "అందరూ పైకి! పాస్టర్ గారూ, బయటికి రండి! నీళ్ళలో ఎవరూ ఉండకూడదు! చెట్ల కిందికి కాదు, షెల్టర్లోకి!"

అందరం పరుగెత్తాం. కాంక్రీటు కప్పు కింద ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డాం. సముద్రం కనిపించలేదు. మేం నిలబడి పాడిన చోటికి దగ్గర్లో ఒక పెద్ద చెట్టు కొమ్మ విరిగి ఇసుక మీద పడిన చప్పుడు మాత్రం వినిపించింది. పాస్టర్ గారు స్తోత్రం, స్తోత్రం అంటూనే ఉన్నారు.

గాలి వెళ్ళిపోయింది. వాన సన్నబడింది. పాస్టర్ గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "సముద్రం నెమ్మదించింది. ఇప్పుడు దిగుదామా?" అని అడిగారు.

ఆయన ఒంటికి తెల్లచొక్కా అంటుకుపోయి ఉంది. పాస్టర్ గారికి చేతులు జోడించి, "క్షమించండి" అన్నారు. నన్ను పక్కకి తీసుకెళ్ళారు.

"నువ్వు వాన రాకూడదని అడిగావు."

"ఔను."

"నేనేమో రావాలని అడిగాను. బుధవారం, మీ అందరితోపాటు మోకరించి. నీకు కాదనలేక ఒప్పుకున్నాను. అమ్మకి ఏం చెప్పాలో తెలియలేదు. ఒక్కసారే అడిగాను, నిజంగా."

కొమ్మ కింద ఎవరో మరిచిపోయిన పాటల కాగితాలు తడిసి ఇసుకకి అతుక్కుపోతున్నాయి.

ఆయన మొట్టమొదటి ప్రార్థనని నా దేవుడు విన్నాడు. నాది కాదు. కాదనలేను, నా కళ్ళారా చూశాను. విన్న దేవుడు ఇక ఆయన్ని వదలడని కూడా నాకు తెలుసు. ఆ తెలియడంలో సంతోషం కన్నా భయమే ఎక్కువ ఉంది.

బుధవారం అత్తయ్య దిగారు. సంచుల్లోంచి పసుపు, కుంకుమ, పచ్చళ్ళు తీసి బల్ల మీద పెట్టారు. సాయంత్రం ఆయన ఎప్పటిలాగే పేపరు తెరిచారు.

"ఏమంటున్నాడురా?" అడిగారు అత్తయ్య.

"వచ్చే వారమంతా పొద్దున్నే పొడిగా ఉంటుందట. గాలి లేదు. వాన లేదు."

చదివి, పేపరు దించి, అడ్డుపెట్టుకోవడానికి ఇక వాన కూడా లేదన్నట్టు ఆయన నా వైపు చూశారు. ఆయన ముఖంలో నెత్తురు లేదు.