పెద్దరికాన్ని నిలదీసిన కూర్మనాథం మాస్టారు

సంస్కృతోపాధ్యాయులు కూర్మనాథం మాస్టారు గత గురువారం ఉదయం కన్నుమూశారు. ఆఫీసులో ఉండగా ఫోనులో ఆ దుర్వార్త విన్నాను. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగువారిలో రెండు తరాలకు విద్యాదానం చేసిన ఆ మహనీయుని అంతిమయాత్రలో పట్టుమని పదిమందిమి లేము. శోకం కంటే ముందు నాకు సిగ్గు కలిగింది, ఆ తర్వాత కోపం. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చి రైల్వే బడిలో చేరిన ఆయన వద్ద నేను చదువుకున్నాను. ఒకనాడు శ్లోకానికి ఆయన చెప్పిన అర్థం తప్పని, లోకో షెడ్ ఫిట్టరు కూతురు పార్వతి లేచి చెప్పింది. మాస్టారు పుస్తకం మళ్లీ చూసుకున్నారు. తర్వాత తన కుర్చీ చూపించి, "రా అమ్మా, కూచో. ఈ పూట నువ్వు చెప్పు, మేం వింటాం" అన్నారు. గంట కొట్టేదాకా మా బెంచీ మీద, మా మధ్యనే కూర్చున్నారు. పదవి, కులం, ధనం పైన తొడుక్కునే వస్త్రాలని, తన దోషాన్ని తాను వినగలగడమే నిజమైన మహత్త్వమని ప్రాచీన నీతివేత్తల అభిప్రాయంగా ఆయన ఎన్నోసార్లు వివరించారు. ఆ పూట వివరించలేదు. మాకు కనిపించింది.

ఎనభైల చివర మా తెలుగు సంఘానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకోవలసి వచ్చింది. సంఘం హాలు పక్క గదిలో మాస్టారు సాయంత్రాలు పిల్లలకు తెలుగూ సంస్కృతమూ ఉచితంగా బోధించేవారు. ఊరి పారిశ్రామికవాడ సిర్గిట్టిలో గోదాములున్న ఒక కాంట్రాక్టరు పోటీకి దిగాడు. పేరు రాయను, మనవాళ్లందరికీ తెలుసు. కుర్రాళ్లకు పనులు ఇప్పించగలవాడు కనుక సభ అంతా అతని వైపే. మాస్టారు లేచారు.

"బాబూ, నాయకుణ్ణి ఎంచేటప్పుడు అతని చుట్టూ ఎవరున్నారో చూడమన్నారు మన పూర్వులు. నువ్వు తప్పు చేస్తే మొహమ్మీద చెప్పేవాడు నీ దగ్గర ఎవడున్నాడు? ఒక్క పేరు చెప్పు."

కాంట్రాక్టరు నవ్వాడు. "నేను తప్పెందుకు చేస్తాను మాస్టారూ?"

"అయితే నీకు నా చెయ్యి లేవదు."

సభ గొల్లున నవ్వింది. "అచ్ఛా మాస్టర్‌జీ, ఇది బడి కాదు, బైఠ్ జాయియే!" అని, కూర్చోమంటూ వెనకనుంచి ఎవరో అరిచారు. ఆయనా, నేనూ, మరి కొందరూ చెయ్యి ఎత్తలేదు. కాంట్రాక్టరు మెడలో దండలు పడ్డాయి.

నెల తిరగకుండా ఆ గదికి తాళం పడింది. లోపల పెళ్లి షామియానాలు చేరాయి. మాస్టారు వెళ్లి అడిగితే, "ఈ ఊళ్లో హిందీ వస్తే చాలదేటి పిల్లలకి?" అన్నాడు కొత్త అధ్యక్షుడు. మాస్టారు తన క్వార్టరు వరండాలో చాప పరిచారు. కొన్నాళ్లు పిల్లలు వచ్చారు. అధ్యక్షుడికి కోపం వస్తే ఇంట్లో ఎవరి పని పోతుందోనని తండ్రులు వాళ్లనీ మాన్పించారు. ఒకాయన దారిలో మాస్టారిని చూసి సైకిలు పక్క సందులోకి తిప్పేశాడు. నేను మండిపడ్డాను.

"వాణ్ణి ఏమనకు," అన్నారు మాస్టారు. "మనం ఎంచుకున్న పెద్దకి జడిసి మనమే దాక్కుంటున్నాం. ఆ ఎంపిక ఎలాటిదో ఇంకా తెలీటం లేదేటి?"

రిటైరయ్యాక ఊరి చివర ఒక గదిలో, మాస్టారు ఆయాసంతో బాధపడుతూ, భార్యతో ఒంటరిగా బతికారు. చూడటానికి వెళ్లినవాళ్లు తక్కువ.

మొన్న ఆదివారం సంతాపసభ జరిగింది. అధ్యక్షత ఆ కాంట్రాక్టరుదే. ఫొటోకు నిలువెత్తు దండ వేసి, "నా గురువు" అంటూ గద్గద స్వరంతో మాట్లాడి, హాలుకు మాస్టారి పేరు పెడతామని ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. మాస్టారి భార్య సుభద్రమ్మగారు లేచి నిలబడ్డారు.

"పేరొద్దు బాబూ. పేరు పెట్టీసి ఏటి చేస్తావు? ఆ గది తాళం తియ్యి. పిల్లలు కూకుంటారు."

"అచ్ఛా అమ్మా, చూద్దాం," అన్నాడతను. మళ్లీ చప్పట్లు మోగాయి. ఆవిడకు కాదు.

మహాత్ములు నిష్క్రమిస్తే లోకం శూన్యమైపోయిందంటారు. మన విషయంలో ఆ శూన్యాన్ని, ఆయన బతికుండగానే, మనం చేతులెత్తి ఎన్నుకున్నాం. అటువంటి గురువు మళ్లీ మనకు రాడు, వచ్చినా నిలవనివ్వం. ఆయన పాదాలకు నమస్కరిస్తూ ఈ నాలుగు మాటలూ తెలుగులో రాస్తున్నాను. ఆ గదికి తాళం పడ్డాక పెరిగిన మన పిల్లలు వీటిని చదవలేరు.