కందిగింజ కొరికిన పెద్దాయన

పుస్తకం చదివి మనుషులను నడపవచ్చని నమ్మిన మూర్ఖుణ్ణి నేను. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, వికారాబాద్‌లో కూర్చుని తాండూరు కంది రైతులకు వాట్సాప్ గ్రూప్ పెట్టాను. ఆన్‌లైన్ సమూహాల మీద ఒక పుస్తకం చదివి పదకొండు నియమాలు కూడా రాశాను.

పెద్దేముల్ ఊరి పెద్దాయన ఒకరు కోతల కాలంలో రోజూ పొద్దున్నే వాయిస్ మెసేజ్ పెట్టేవారు. మాటలుండవు, ఫోన్ దగ్గర కందిగింజ కొరికిన చప్పుడు, అంతే. అనవసర శబ్దమని ఆయన్ను గ్రూప్‌లోంచి తీసేశాను.

వారం తిరగకుండా గ్రూప్ మూగబోయింది. ఎందుకని ఒక రైతుకు ఫోన్ చేశాను.

"గా చప్పుడు కోసమే ఉన్నం సారూ! ఆయన చేను, మా చేన్లు ఒక్కసారే కోసినం. కటుక్కుమంటె గింజ ఎండినట్టు, మార్కెట్‌కు పట్కపోతం. మెత్తగ ఇనొస్తె ఇంకోరోజు ఎండబోస్తం. నీ రూల్స్ ఎవరు సదివిండ్రు?"

శబ్దం తీసేశాననుకున్నాను, తీసేసింది అర్థాన్ని. తలదించుకుని పెద్దేముల్ వెళ్లాను. పెద్దాయన కోప్పడలేదు. నా అరచేతిలో నాలుగు గింజలు పోశారు.

"కొరుకు సారూ. గిది పుస్తకంల దొరకది."

కొరికాను. ఆయన నవ్వుతూ చూస్తుంటే, కటుక్కుమన్న ఆ గింజ నా పదకొండు నియమాలనూ వెక్కిరించినట్టుంది.

తిరుగు బస్సులోనే పగ తీర్చుకున్నాను. ఆయన్ను మళ్లీ గ్రూప్‌లో చేర్చి, మాటమాత్రం అడగకుండా అడ్మిన్‌ను చేశాను. ఇప్పుడు ఎవరెవరో పెట్టే పూలబొమ్మల గుడ్‌మార్నింగులు ఆపించమని జనం నన్ను వదిలి ఆయన ప్రాణం తోడేస్తున్నారు.