నిర్మల్ బస్టాండ్ ముందు కలిపిన వరస

ఆ రోజుల్లో అని మొదలుపెడితే నన్ను ముసలాణ్ణి అనుకుంటారేమో, అంత లేదు. తొమ్మిదేళ్ల కిందటి మాట. కాకపోతే ఫోన్లో పిల్లను వెతుక్కోవడం మా వైపు అప్పుడప్పుడే మొదలైన పని కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుందని అనుకుంటున్నాను. అప్పటి పెళ్లికాని పోరగాళ్లం నలుగురిలో ఉన్నప్పుడు "ప్రేమ లేదు, దోమ లేదు, అంతా టైంపాస్" అని పెద్ద మనుషుల్లా మాట్లాడేవాళ్లం. ఒక్కరమే దొరికితే మాత్రం ఫోను తీసి బొటనవేలు అరిగేదాకా ఫొటోలు జరుపుకుంటూ కూర్చునేవాళ్లం. నేనైతే ఇంకో అడుగు ముందుకేసి ఇంట్లో మాట కూడా ఇచ్చేశాను. చొప్పదండిలో మా బాపు ఒక దసరాకు సంబంధాల ముచ్చట తీస్తే, "మీరు చూసిన పిల్లను నేను చేసుకోను. నా పిల్లను నేనే తెచ్చుకుంట" అన్నాను. బాపు తొందరపడే మనిషి కాదు. నోట్లో వక్క నమిలి, మింగి, అప్పుడు చెప్పాడు. "మంచిది. పత్తి సీజన్ అయిపోయేదాక టైమిస్తున్న. తెస్తే నేను నోరు మెదప. తేకపోతే నేను చూపిన సంబంధానికి గడ్డం గీసుకొని వచ్చి కూసోవాలె." వంటింట్లోంచి అవ్వ, అంటే మా అమ్మ, అందుకుంది. "వానికి అంగట్ల వంకాయలు ఏరుడు రాదు, పిల్లనెట్ల ఏరుకుంటడు?" ఆ వంకాయల మాట నాకు చాలా రోషం తెప్పించింది. చచ్చినా సరే, పత్తి అయిపోయేలోపు పిల్లను తెచ్చి చూపించాలనుకున్నాను.

అప్పుడు నా ఉద్యోగం ఇచ్చోడ దగ్గర ఒక జిన్నింగు మిల్లులో. ట్రాక్టరు రాగానే పత్తిలోకి మీటరు చువ్వ పొడిచి తేమ ఎంతుందో చెప్పాలి. అంకె ఎక్కువొస్తే రైతు నన్ను తిట్టేవాడు, తక్కువొస్తే సేటు తిట్టేవాడు. (అంకె సరిగ్గా వచ్చిన రోజు ఇద్దరూ తిట్టేవాళ్లు.) నా గదిలో ఉండేది మిల్లు కాంటా దగ్గర బండ్లు తూచే అతను, భైంసా మనిషి. మేమంతా కాంటా భాయి అనేవాళ్లం. భాయి నాకంటే రెండేళ్లు పెద్ద, అతనికీ పెళ్లి కాలేదు. ప్రేమ సంగతి నిఖా అయ్యాకనే అని గట్టిగా నమ్మేవాడు. ఎదుటివాడి ప్రేమకు సలహాలివ్వడంలో మాత్రం అతణ్ణి మించినవాళ్లు ఆ మండలంలో లేరు. నా ఫోన్లో ఆ పిల్లను వెతికే యాప్ ఎక్కించింది కూడా భాయే. "మంచి ఫొటో కావాలె యార్. నీ మొఖం జర చిన్నగ పడాలె, వెనుక సీన్ పెద్దగ పడాలె" అని నన్ను మిల్లులో పత్తి కుప్ప మీదికి ఎక్కించాడు. తన చలికోటు తొడిగించి, నల్లద్దాలు పెట్టించి, చేతులు బార్లా చాపమని ఫొటో తీశాడు. చూస్తే అచ్చం మంచుకొండ మీద నిలబడినట్టే ఉంది. ఆ ఫొటోనే పెట్టేశాం.

అమ్మాయిలు ఎంత దూరంలో ఉండాలి అని యాప్ అడిగింది. ఐదు కిలోమీటర్లు పెడితే ఎవరూ లేరు. ఇరవై పెట్టినా ఎవరూ లేరు. (అడవిలో పులులున్నాయి కానీ వాటికి ఫోన్లు లేవు.) నలభై పెడితే కిన్వట్ వైపు ఒకామె తగిలి మరాఠీలో ఏదో అడిగింది. అర్థం చెప్పించుకుందామని కాంటా దగ్గరికి పరుగెత్తి భాయిని పిలుచుకొచ్చేలోపు ఆమె వెళ్లిపోయింది. భాయి నిట్టూర్చి అరవైకి జరిపాడు. మొత్తం మీద నలుగురు కనిపించారు. అందులో ఇద్దరు "మనాలీనా? చలి ఎట్లుంది?" అని అడిగారు. నేను సిగ్గులేకుండా "మస్తు చలి" అని రాశాను. మూడో ఆమె ఏమీ రాయలేదు. నాలుగో ఆమె మాత్రం "అది పత్తి కుప్ప గద? చెప్పులతోటి ఎక్కినవు, సేటు తిట్టలేదా?" అని రాసింది.

ఆమె భైంసాలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ నేర్పేది. పేరు ఎందుకులే, మా గదిలో ఆమెను టీచర్ అనేవాళ్లం, మీరూ అట్లాగే అనుకోండి. నాకంటే నాలుగు నెలలు చిన్న. వాళ్లదీ పత్తి పండించే ఇల్లే కాబట్టి నా మంచుకొండ ఆమె ముందు ఒక్క నిమిషం నిలవలేదు. నెల రోజులు రాసుకున్నాం. తను కూడా ఇంట్లో నాలాగే పంతం పట్టి ఉందట. "వచ్చినోళ్లకల్లా చాయ్ తెచ్చిచ్చి తల వంచుకొని కూసునుడు నాతోటి కాదు. ఒక్క మనిషినన్న నేనే పోయి చూసి, నేనే మాట్లాడాలె" అని రాసింది. ఆ ఒక్క మనిషిని నేనేనని తెలిసి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ రెండు రోజులూ తేమ అంకెలు కూడా తప్పు చెప్పాను, కానీ రోజూ పడే తిట్లే కాబట్టి ఎవరూ గమనించలేదు.

ఇచ్చోడలో కలిస్తే మిల్లుకు తెలుస్తుంది, భైంసాలో కలిస్తే వాళ్ల బడికి తెలుస్తుంది. అందుకని మధ్యలో నిర్మల్ అనుకున్నాం. ఆదివారం పొద్దున పదకొండింటికి, బస్టాండ్ ఎదురు హోటల్లో. భాయి నన్ను పెళ్లికొడుకులా తయారుచేశాడు. తన అత్తరు సీసాలో సగం నా మెడ మీదే వంచాడు. బస్సెక్కేదాకా వెంట వచ్చి పాఠం చెప్పాడు. "జర యాది పెట్టుకో. పాటలు అడుగు, సినిమాలు అడుగు, ఏం షౌక్ ఉందో, ఏమిష్టమో అడుగు. ఇంటి సంగతులు మాత్రం అడుగకు. మనోళ్లకు గదొక్కటే అడుగుడొస్తది, గక్కడనే అంత ఖరాబ్ అయితది." నేను తలూపాను. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన అత్తరు వాసనకు తట్టుకోలేక ఖానాపూర్ చౌరస్తా రాకముందే లేచి వెనుక సీటుకు మారాడు.

టీచర్ నాకంటే ముందే వచ్చి కూర్చుంది. నన్ను చూసి నవ్వి, దగ్గరికి రాగానే రెండు తుమ్ములు తుమ్మి, "అద్దాలు తియ్యి, లోపట చీకటే ఉంది" అంది. తీశాను. మిర్చీలు, చాయ్ చెప్పింది. నాకు పాటలు గుర్తు రాలేదు. సినిమాలు గుర్తు రాలేదు. షౌక్ అనే మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. ఎదురుగా ఆమె మిర్చి తుంచుకుని, మీద ఉల్లిగడ్డ ముక్క పెట్టుకుని, నిమ్మకాయ పిండుకుని, ఎవరికీ భయపడకుండా తింటోంది. ఆమె నాకు నచ్చింది. ఫోన్లో నచ్చడం వేరు, ఇది వేరు. ఇట్లా నచ్చాక మనిషి ఏం చేయాలో నాకెవరూ చెప్పలేదు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుంది. అప్పుడు నా నోరు తనంతట తానే తెరుచుకుని, మావాళ్లు ఎక్కడ ఎవరు కలిసినా అడిగేదే అడిగింది.

"మీ అమ్మమ్మది ఏ ఊరు?"

టీచర్ నమలడం ఆపింది. "చొప్పదండి. భైంసాకిచ్చిండ్రు. ఏం?"

"చొప్పదండిల ఎక్కడ?"

"బడి పక్కపొంటి పెంకుటిల్లట. నేనెప్పుడు పోలే, అమ్మమ్మ చచ్చిపోయినంక రాకపోకల్ లేవు."

బడి పక్క పెంకుటిల్లు మా అవ్వ పుట్టిల్లు. అవ్వకు ఒక మేనత్త ఉండేదని, ఆమెను భైంసాకిచ్చారని చిన్నప్పుడు విన్నాను. ఇంక నా బుర్ర ఆగలేదు. టేబుల్ మీద చాయ్ తడిలో వేలితో గీతలు గీస్తూ బయటికే లెక్క చెప్పాను. "మీ అమ్మమ్మ మా అవ్వకు మేనత్త. అంటే మీ అమ్మ మా అవ్వకు వదిన. వదిన బిడ్డంటే మా అవ్వకు బిడ్డ లెక్కనే గద. అవ్వకు బిడ్డయితే నాకు చెల్లెవు." ఆ చివరి మాట అనగానే నా చెమట ఆరిపోయింది. నేను నవ్వాను కూడా.

టీచర్ ఆ చాయ్ గీతల వైపు చూసి ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. తర్వాత నా మొహం వైపు చూసింది. "సరే అన్నా" అంది. "మిర్చీలు సల్లారుతున్నయి, తిను." నాలుగు తిన్నాను.

మీరు అడగొచ్చు, ఇంటికి పోయి అవ్వను ఒక్కమాట అడిగితే తేలిపోయేది కదా అని. ఎట్లా అడుగుతాను? "గా పిల్ల నీకెక్కడ కలిసింది?" అంటే ఏం చెప్పాలి? భాయి మాత్రం విషయం విని తల పట్టుకున్నాడు. "యా అల్లా, పిల్లను చూడవొమ్మంటే చెల్లెను తెచ్చుకున్నవా" అని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. సీజన్ అయిపోయింది. నేను ఇచ్చిన మాట ప్రకారం గడ్డం గీసుకుని బాపు చూపిన సంబంధానికి వెళ్లి కూర్చున్నాను. హుజురాబాద్ వైపు పిల్ల. తల వంచుకుంది నేనే, ఆమె నన్ను బాగానే చూసింది. ఒప్పుకున్నారు. ఈలోపు రాఖీ పండుగకు మిల్లు అడ్రసుకు ఒక కవరు వచ్చింది. అందులో ఎర్ర రాఖీ, "మనాలీ అన్నకు" అని చీటీ. భాయే నాకు కట్టాడు.

పెళ్లికి టీచర్‌ను పిలిచాను, స్నేహితుని చెల్లె అని ఇంట్లో చెప్పాను. వచ్చింది, పందిట్లో అందరికంటే ఎక్కువ పనిచేసింది. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. కొత్త కోడలు గడప దాటే ముందు ఆడబిడ్డ తలుపుకు అడ్డం నిలబడి పేర్లు చెప్పించాలి కదా, ఆ నిలబడే మనిషి లేదని అవ్వ పొద్దుటినుంచి బాధపడుతోంది. టీచర్ కొంగు దోపుకుని వచ్చి తలుపు రెక్కలకు రెండు చేతులూ ఆనించి నిలబడింది. నేను పెళ్లాం పేరు చెప్పాను, ఆమె నా పేరు చెప్పింది. "ఇంకోటి ఉంది" అంది టీచర్. "మీకు బిడ్డ పుడితే నా కొడుక్కిస్తమనుండ్రి, అప్పుడే తొవ్వ ఇడుస్త." అందరూ నవ్వారు. అవ్వ సంబరంగా ముందుకొచ్చి, "ఎవరింటి పిల్లవు బిడ్డా, మంచిగ అడుగుతున్నవు" అంది. టీచర్ ఒక్క క్షణం నన్ను చూసి, అమ్మమ్మ సంగతి చెప్పింది.

"మా భైంసా అత్త మనుమరాలివా? కొడుకు బిడ్డవా, బిడ్డ బిడ్డవా?"

"బిడ్డ బిడ్డను."

అవ్వకు వేళ్లు మడవాల్సిన పని కూడా లేకపోయింది. "అయితే మా వదిన బిడ్డవు. నాకు కోడలివి గద. వీనికి మరదలివైతివి. నీ కొడుకు, వీని బిడ్డ అన్నచెల్లెండ్లయితరు, గా మాట అడుగొద్దు బిడ్డా."

"వదిన బిడ్డ బిడ్డ కాదా?" అని నేను బయటికే అన్నాను. "వదిన బిడ్డ కోడలు గాక బిడ్డెట్లయితది రా, చదువుకున్నవు గద" అంది అవ్వ. బాపు వక్క నమలడం ఆపి నా వైపు, టీచర్ వైపు, మళ్లీ నా వైపు చూసి అక్కడినుంచి జరిగిపోయాడు. పొద్దుటినుంచి మూడు మాటలు కూడా మాట్లాడని నా భార్య అప్పుడు మెల్లగా అడిగింది. "గిసొంటి చెల్లెండ్లు ఇంకెంతమంది ఉన్నరు మీకు?" అవ్వే చివరికి, మరదలైనా తొవ్వ ఆపొచ్చు అని తీర్పు చెప్పి మమ్మల్ని లోపలికి రానిచ్చింది.

భోజనాల దగ్గర టీచర్ నీళ్లు పోస్తూ నా వరసకు వచ్చినప్పుడు గొంతు తగ్గించి అడిగాను, నీకు ముందే తెలుసా అని.

"తెలుసు. నువ్వు గీత గీస్తుంటెనే సమజైంది."

"మరి చెప్పలేదేంది?"

టీచర్ గ్లాసు నిండా నీళ్లు పోసి కింద పెట్టింది. "చెప్పుదమనే నోరు తెరిచిన. చెల్లె అనంగనే నీ మొఖం చూసిన. పరీక్ష వాయిదా పడ్డ పోరగాని లెక్క, గంత సంబురం. నువ్వు నాకు నచ్చినవు గని, గంత భయపడేటోన్ని పట్టుకొని నేనేం చేస్త?" అని పక్క ఆకుకు జరిగింది.

నా భార్యకు ఇదంతా తెలుసు. ఆమెతో నేను సుఖంగా ఉన్నాను, ఆ మాట ఎవరి ముందైనా చెప్తాను. మిల్లులో ఇప్పటి పోరగాళ్లు ఫోన్లు జరుపుతూ ప్రేమ లేదు, దోమ లేదు అంటుంటే మాత్రం నాకు నిర్మల్ హోటల్లో అత్తరు కారుతూ కూర్చున్నవాడు గుర్తొస్తాడు. వాడి మీద కోపం రాదు, నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. పక్కన కూర్చుని, ఇంకో చాయ్ చెప్పి, "లెక్క తర్వాత చేద్దువు గని, జరసేపు గా పిల్లతోటి మాట్లాడు" అని చెప్పాలనిపిస్తుంది.