చైనాటౌన్‌లో ఒక తుమ్ము

అమెరికా వెళ్తున్నానంటే మా గుంటూరు చర్చిలో అందరూ లేచి నిలబడి ప్రార్థన చేశారు. చేసిన ప్రార్థన చేసినట్టే ఉంది, నేను దిగింది మాత్రం చైనాలో. డెబ్బై తొమ్మిదిలో న్యూయార్క్‌లో మాకు దొరికిన గది చైనాటౌన్ నడిబొడ్డున ఉండేది. మా ఆయన డ్రాయింగులు గీసే ఆఫీసుకి అక్కణ్ణించి నడిచి వెళ్ళిపోవచ్చు. అదొక్కటే దానికున్న సుగుణం.

ఆ వీధుల గురించి ఎంత చెప్పినా తక్కువే. ఫుట్‌పాత్ మీద బుట్టల్లో బతికున్న పీతలు ఒకదాని మీదొకటి పాకుతుండేవి. చేపలు కడిగిన నీళ్ళు చలికాలం అక్కడే గడ్డకట్టేవి, వాటి మీద కాలేస్తే నడ్డి విరగాల్సిందే. ఎవరూ దారివ్వరు, మోచేత్తో పొడుచుకుంటూ పోతారు. కూరలమ్మే ఆడవాళ్ళు అరుస్తుంటే కొట్టుకుంటున్నారేమో అనుకునేదాన్ని. బేరమాడుతున్నారంతే. మొదటి నెలంతా గది దాటి ఒక్కదాన్నీ బయటికి పోలేదు. కిటికీ దగ్గర కూర్చుని, ఇంత దూరం వచ్చింది ఇందుకా అని ఏడ్చేదాన్ని.

నాది బి.ఏ. ఇంగ్లీషు, ఫస్ట్ క్లాస్. దాన్ని చూపించడానికి ఆ వీధిలో ఒక్క మనిషి దొరకలేదు. టీచర్ ఉద్యోగానికి వెళ్తే మీ డిగ్రీ ఇక్కడ చెల్లదన్నారు. చివరికి అక్కరకొచ్చింది అమ్మ నేర్పిన కుట్టుపని. మా సందు చివర నాలుగో అంతస్తులో బట్టలు కుట్టే షాపుంటే అందులో చేరాను.

షాపంటే ఏమీ లేదు, ఒక పొడుగాటి హాలు. అరవై మిషన్లు. కిటికీలకి రంగు పూసేశారు, బయట ఎండో మంచో తెలియదు. ఇస్త్రీ ఆవిరి, బట్టల దుమ్ము, మూలన ఎప్పుడూ ఉడుకుతూ అన్నం. మా మేస్త్రీ ఒకావిడ ఉండేది, మిషన్ల చప్పుడుకి మించి అరిచేది. ఒక్కొక్కరికి ఒక్క ముక్కే పని. ఏడాదిన్నర పాటు నేను కాలర్లు తప్ప ఇంకేమీ కుట్టలేదు. ఆ చొక్కా మొత్తంగా ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదు. సాయంత్రానికి ముక్కు చీదితే నీలం బట్ట కుట్టిన రోజు నీలంగా, ఎర్ర బట్ట కుట్టిన రోజు ఎర్రగా వచ్చేది.

నా పక్క మిషను మీద కుట్టే చైనా ఆవిడ నాకంటే పదేళ్ళు పెద్ద. కరెంటు మిషను నాకు కొత్త. పెడలు తొక్కగానే గుర్రంలా పరిగెట్టేది. మొదటి రోజే నా వేలు సూది కింద పడబోతే చెయ్యి లాగి, నా పాదం మీద తన పాదం పెట్టి, ఎంత నొక్కాలో చూపించింది. మాట లేదు, మంతీ లేదు. ఆ రోజు నుంచి ఆవిణ్ణి అక్కా అనేదాన్ని. అలా పిలిస్తే పలికేది. మధ్యాహ్నం తన అన్నం గిన్నె నా వైపు తోసేది. నా చింతకాయ పచ్చడి ఒక్కసారి నాలిక్కి రాసుకుని, వారం రోజులు నన్ను చూసినప్పుడల్లా దణ్ణం పెట్టేది. ఆ ఊళ్ళో నేను మొదటిసారి నవ్వింది ఆవిడ వల్లే.

అక్కకి కాగితాల్లేవు. విజిటర్‌గా వచ్చి ఉండిపోయింది. హోటల్ వంటింట్లో పనిచేసే భర్త చనిపోయాడు. ఇక్కడే పుట్టిన కూతురుంది, ఆరేళ్ళది. పట్టుకుంటే అక్కని పంపించేస్తారు. పిల్ల గతేమిటన్నదే ఆవిడ దిగులు. ఓసారి కుట్టే బట్ట మీంచి తలెత్తకుండా, వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది. "నీకు ఇంగ్లీషు బాగా వచ్చు. వాళ్ళొస్తే నువ్వు మాట్లాడు, నా బిడ్డ గురించి." నేనున్నాగా అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో.

రోజూ మూడింటికి పిల్ల స్కూలు వదిలేవాళ్ళు. రెండూ నలభైకి అక్క మిషను ఆపి, కోటు తొడుక్కుని, వెళ్ళి పిల్లని తెచ్చుకునేది. పిల్ల బట్టల మూటల మీద కూర్చుని హోంవర్కు చేసుకునేది. గడియారం తప్పినా అక్క తప్పేది కాదు.

ఇక్కడ మా ఇంటి సంగతొకటి చెప్పాలి. మా నాన్న పాస్టరు. శకునాలూ వర్జ్యాలూ సాతాను పనులని ఆదివారం గట్టిగా చెప్పేవారు. అదే నాన్న ఊరెళ్తుంటే ఎవరైనా తుమ్మితే, మా నాయనమ్మ మంచినీళ్ళ చెంబుతో ఎదురొచ్చేది. "దాహమేస్తుందేమో, కాసేపు కూర్చుని తాగి వెళ్ళు నాయనా" అనేది. తుమ్ము మాట ఎత్తేది కాదు. ఎందుకిస్తోందో ఆయనకి తెలుసు, ఆయనకి తెలుసని ఆవిడకీ తెలుసు. నాన్న నోరు మూసుకుని కూర్చుని తాగేవారు. వాళ్ళిద్దర్నీ చూసి పడీపడీ నవ్వింది ఇంట్లో నేనొక్కదాన్నే.

అది ఫిబ్రవరి. పక్క వీధిలో ఇలాంటి షాపు మీదికే ఇమ్మిగ్రేషన్ వాళ్ళు వచ్చి జనాన్ని పట్టుకుపోయారని వారంగా చెప్పుకుంటున్నారు. అక్క తిండి మానేసింది. నాకూ కాలర్లు వంకర పోతున్నాయి. ఆ రోజు రెండూ నలభైకి అక్క లేచింది. ఒక చెయ్యి కోటులో దూర్చింది, రెండో చెయ్యి దూర్చబోతోంది. నేను తుమ్మాను.

ఆ దుమ్ములో రోజుకి వందసార్లు తుమ్మేవాళ్ళం. ఎవరు పట్టించుకుంటారు? కానీ అది ఒంటి తుమ్ము. రెండోది వస్తుందేమోనని ముక్కు పట్టుకుని చూశాను, రాలేదు. నా బుద్ధి గడ్డి తిని, అక్క కోటు పట్టుకున్నాను. "కూర్చో అక్కా, రెండు నిమిషాలు" అని తెలుగులోనే అన్నాను. నా స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి చేతిలో పెట్టాను. ఆవిడ గడియారం చూపించింది. నేను వినలేదు, భుజం నొక్కి కూర్చోబెట్టాను. దీనికి పిచ్చెక్కిందన్నట్టు నవ్వి, నా మాట కాదనలేక సగం గ్లాసు తాగింది. ఒక గుక్క తాగి లేవబోతే, నిమ్మళంగా తాగమని మళ్ళీ కూర్చోబెట్టింది కూడా నేనే.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. కోట్లేసుకున్న మగవాళ్ళు నలుగురు. ఎవరో చైనా భాషలో ఒక్క మాట అరిచారు. అరవై మిషన్లూ ఒక్కసారే ఆగిపోయాయి. ఆ హాల్లోంచి కింద వీధి చప్పుడు నేను వినడం అదే మొదలు. ఎవరూ పరిగెత్తలేదు. ఉన్నది ఒక్కటే మెట్లదారి, దానికి అడ్డంగా ఒకడు నిలబడ్డాడు.

వరసగా అందరి కాగితాలూ అడుగుతూ మా దగ్గరికి వచ్చాడొకాయన. నా గ్రీన్ కార్డు చూసి తిరిగిచ్చేశాడు. అక్క దగ్గర చూపించడానికి ఏమీ లేదు. నేను లేచి నిలబడి, ఈవిడకి ఆరేళ్ళ పాపుంది, స్కూల్లో ఎదురుచూస్తోంది, ఇప్పుడే వెళ్ళాలి అన్నాను. మీరు ఈమెకి బంధువా అన్నాడు. కాదన్నాను. "అయితే కూర్చోండి మేడమ్" అన్నాడు, చాలా మర్యాదగా. కూర్చున్నాను. నా ఫస్ట్ క్లాస్ ఇంగ్లీషుకి ఆ దేశంలో పని పడింది అదొక్కసారే, అదీ అర నిమిషం.

మొత్తం ఏడుగురిని తీసుకెళ్ళారు. అక్క రెండో చెయ్యి కూడా కోటులో దూర్చుకుని బొత్తాలు పెట్టుకుంది. లిఫ్టులో నిలబడి నా వైపు చూసి "స్కూల్" అంది. తలుపు మూసుకుంది.

పడుతూ లేస్తూ పరిగెత్తాను. చేపల కొట్టు ముందు నిజంగానే పడ్డాను. వెళ్ళేసరికి అందరు పిల్లలూ వెళ్ళిపోయారు, ఈ పిల్లొక్కతే టీచరు పక్కన గేటు దగ్గర నిలబడి ఉంది. పిల్ల నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది కాబట్టి టీచరు నాతో పంపింది. దారిలో పిల్ల చక్కటి అమెరికా ఇంగ్లీషులో అడిగింది. "మా అమ్మ ఎప్పుడూ లేటు కాదు. ఇవాళ ఎందుకాగింది?" పని ఉండిందమ్మా అన్నాను. పాస్టరు కూతురిని, ఆరేళ్ళ పిల్లకి మొహం మీద అబద్ధం చెప్పాను.

అక్క వాళ్ళ బిల్డింగులోనే, మా షాపులో దారాలు కత్తిరించే ముసలామె ఒకావిడ ఉండేది. పిల్లని ఆవిడ దగ్గర పడుకోబెట్టేవాళ్ళం. స్కూలు నుంచి తెచ్చే పని నేను పెట్టుకున్నాను. మా ఆయన "నువ్వు ఆపకపోయినా లిఫ్టు దగ్గరే ఎదురుపడేవాళ్ళేమో" అన్నాడు, నన్ను ఊరడించడానికి. నాకు లెక్క తెలుసు. రెండు నిమిషాల ముందైతే అక్క వీధిలో జనంలో కలిసిపోయేది. మంచికి పోతే చెడు ఎదురైందంటారే, అది నా చేతుల మీదుగా ఇంకొకళ్ళకి ఎదురైంది.

మూడో వారం అక్కని నిర్బంధించిన చోటికి వెళ్ళి చూడనిచ్చారు. మధ్యలో అద్దం, ఫోనులో మాట్లాడాలి. చెప్పాల్సింది రైల్లో వాక్యం వాక్యం కూర్చుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను. నా తుమ్ము, మా నాయనమ్మ చెంబు, అన్నీ చెప్పాను. నా వల్లే అయిందక్కా అన్నాను. ఎంత అర్థమైందో తెలియదు. నేను ఏడవడం ఆగేదాకా చూసింది. తర్వాత తన ఇంగ్లీషులో ఒక్కొక్క మాటా ఏరుకుంటూ అంది. "ఆ రోజు, వ్యాన్‌లో నో వాటర్. రూమ్‌లో నో వాటర్. మార్నింగ్ దాకా నో వాటర్. ఓన్లీ యువర్ వాటర్. గుడ్."

తిట్టినా బాగుండేది. ఏమీ అనకపోతే, తిట్టడానికి సరిపడా ఇంగ్లీషు రాక ఊరుకుందని సరిపెట్టుకునేదాన్ని. ఆ దారీ లేకుండా చేసింది. ఫోను పెట్టేసే ముందు అడిగింది, "త్రీ ఓ క్లాక్?" అని. త్రీ ఓ క్లాక్ అన్నాను.

ఇక్కడ పుట్టిన పిల్ల కాబట్టి ఇక్కడే ఉండొచ్చన్నారు. తల్లి ఒప్పుకోలేదు. తొమ్మిది వారాల తర్వాత ఇద్దర్నీ ఒకే విమానం ఎక్కించారు. నాన్నకి ఉత్తరంలో అంతా రాశాను, తుమ్ము సంగతి తప్ప.

ఆ తొమ్మిది వారాలూ రెండున్నరకే మిషను ఆపి బయల్దేరేదాన్ని. స్కూలు గంట కొట్టకముందే గేటు దగ్గర నిలబడి ఉండేదాన్ని. ఆ దుమ్ములో నేను కోటు తొడుక్కుంటుంటే వెనక ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉండేవారు. నేను ఒక్కరోజు కూడా ఆగలేదు.