ఏడుపులో అన్న మాట

మా ఊరి బస్టాండు దగ్గర కెమెరా పెట్టినప్పుడు, మాట కూడా రికార్డయ్యేదే తీసుకోమని సలహా ఇచ్చింది నేనే. రామన్నపేట దగ్గరి మా ఊరి బడిలోనే అప్పుడు టీచరుగా ఉన్నాను. పంచాయతీ ఆఫీసులో మీటింగని పిలిస్తే వెళ్లి, చదువుకున్నదాన్ని కదా, నోరు ఊరుకోలేదు. "ఉత్త బొమ్మతోని ఏం జేసుకుంటరు? మాట గూడ పడేది తీసుకోండ్రి. ఆడపిల్లలను ఎవడన్న ఏమన్నంటే సాక్ష్యముంటది" అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. స్తంభానికి 'స్మార్ట్ విలేజ్' అని బోర్డు కూడా తగిలించారు. చూసి నేనూ మురిసిపోయాను.

మరుసటి ఏడాది నాయిన చనిపోయాడు. కేతేపల్లిలో ఉండే చిన్నమ్మ, అమ్మకు సొంత చెల్లెలు, అప్పుడు కాలు విరిగి దవాఖానలో ఉండి చావుకు రాలేకపోయింది. రెండు నెలలకు కర్ర పట్టుకుని వచ్చి మా ఊళ్లో బస్సు దిగింది. ఎదురు వెళ్లింది అమ్మా నేనూ. చావు తర్వాత మొదటిసారి కలిసిన ఆడవాళ్లు ఎక్కడ కలిస్తే అక్కడే మెడలు పట్టుకుని ఏడవడం మా దిక్కు రివాజు. బస్టాండైనా బజారైనా ఆగరు. ఉత్త ఏడుపు కాదు, రాగం తీసి, పోయిన మనిషికి కష్టమంతా చెప్పుకుంటూ ఏడుస్తారు.

"నన్నెవరి పాలు జేసి పోతివయ్యా, తిన్నవా అని అడిగెటోళ్లు లేకపాయె, కోడలి కూటికి నన్ను కాపలా పెడితివయ్యా" అని ఏడ్చింది అమ్మ.

నిజానికి వదిన, మా అన్న భార్య, అట్లాంటి మనిషి కాదు. నాయిన మంచాన పడ్డ ఆరు నెలలూ మలమూత్రాలు ఎత్తిపోసింది ఆమే. కానీ ఏడుపులో కోడలినీ కొడుకునీ దేవుణ్ణీ, చివరికి పోయిన మనిషినీ అంటారు. చుట్టూ వంద మంది ఉన్నా ఎవరూ విన్నట్టు ఉండరు. "ఏడ్పుల అన్న మాట ఏడ్పుతోనే పోవాలె" అనేది మా అవ్వ. అమ్మకు మనసు విప్పుకోవడానికి అంతకు మించి చాటు ఎక్కడా లేదు.

కెమెరాకు ఈ రివాజు ఎవరు చెప్పాలి? ఆ కెమెరా రికార్డింగు ముందు ఎవరి ఫోనులోంచి బయటపడిందో ఇప్పటికీ తెలియదు. మూడో రోజుకు ఊళ్లో అందరి ఫోన్లలోనూ అమ్మ గొంతే. కింద నవ్వే బొమ్మలు పెట్టారు.

వదిన కొట్లాడలేదు. ఫోను అమ్మ ముందు పెట్టి వినిపించి, "అత్తమ్మా, నేను నీకు అన్నం పెడతలేనా?" అని మెల్లగా అడిగింది.

"అది ఏడ్పు బిడ్డా, మాట కాదు" అంది అమ్మ.

"ఏడ్పైతే అందరు నన్నెందుకు అడుగుతుండ్రు?"

ఆ రోజు నుంచి వదిన అమ్మకు లోపల కంచం పెట్టలేదు. అరుగు మీద పెట్టి, దారిన పోయేవాళ్లకు వినపడేలా "అత్తమ్మా, అన్నం పెట్టిన, తిను" అనేది. అమ్మ తల వంచుకుని తినేది. ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టలేను. మీటింగు నాడు నా నోరు పడిపోయినా బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. అయినా నా సలహా సంగతి అమ్మకు చెప్పే ధైర్యం రాలేదు.

పోయినేడు చిన్నమ్మ చనిపోయింది. కేతేపల్లిలో శవం పక్కన కూర్చున్న అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పెద్దామె రాగం ఎత్తుకుంటే అందుకుందామని ఆడవాళ్లు చూస్తున్నారు. అమ్మ మాత్రం గుమ్మం పైకి, కరెంటు స్తంభం మీదికి, పిల్లల చేతుల్లోని ఫోన్ల వైపు చూస్తోంది. "సొంత చెల్లె పోతే గూడ నోరు లేస్తలేదు, ఏం రాతిగుండెనో" అని వెనక ఎవరో అన్నారు.

తట్టుకోలేకపోయాను. చదువుకున్న సిగ్గుతో ఆ రాగం నేనెప్పుడూ నేర్చుకోలేదు. అయినా చిన్నమ్మ కాళ్లు పట్టుకుని, "చిన్నమ్మా, మీ అక్క నోరు మూయించింది నేనే గదనే..." అని ఎత్తుకున్నాను.

అమ్మ అరచేత్తో నా నోరు మూసింది.

"ఊకో బిడ్డా" అంది, "వింటరు."