నాట్లు పడగానే పోయిన సిగ్నల్: సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా

ఆదివారం కూడా బస్సెక్కే ఓపిక నాకు అస్సలు లేదు. వారమంతా సూర్యాపేట నుంచి కోదాడకు వెళ్లి, అక్కడి ఒక ఇంజినీరింగ్ కాలేజీలో రేడియో సిగ్నళ్ల లెక్కలు చెప్పి, "ఇది పరీక్షల వస్తదా మేడం?" అన్న ప్రశ్న తప్ప ఇంకేదీ వినకుండా తిరిగొస్తుంటాను. మోకాళ్లు కూడా మొరాయిస్తున్నాయి. అయినా శనివారం సాయంత్రం సుమలత ఫోన్ చేస్తే కాదనలేకపోయాను. సుమలత నా పాత విద్యార్థి. మిర్యాలగూడ దగ్గర ఒక పల్లెలో భర్త నాగేశ్‌తో కలిసి ఇంటింటికీ నెట్ కనెక్షన్లు నడుపుతోంది. మిర్యాలగూడ శివారులో ఒక రైస్ మిల్లు మీద ఒక డిష్, తమ డాబా మీది స్తంభానికి ఇంకో డిష్. వాటి మధ్య గాలిలో వచ్చే సిగ్నలే ఆ ఊరికి నెట్. ఎండాకాలమంతా బాగానే నడిచి, నాట్లు మొదలైనప్పటి నుంచి మాటిమాటికీ తెగిపోతోంది.

"రేపు సాయంత్రం పెద్ద నెట్ కంపెనీ ఏజెంటు వస్తుండు మేడం. కనెక్షన్లన్నీ ఆయనకు రాసిద్దామని మా ఆయన అంటున్నడు. ఇచ్చేస్తే ఇగ నాకు పనేముంటది?" అంది.

మర్నాడు పొద్దున ఆరున్నరకు హైవే మీద ఎక్స్‌ప్రెస్ ఎక్కి కోదాడలో దిగాను. మిర్యాలగూడ వెళ్లడానికి సూర్యాపేట నుంచి దగ్గరి దారి ఉంది. కానీ కాలేజీ ల్యాబ్‌లోని సిగ్నల్ మీటర్ కావాలని ఈ చుట్టు తిరిగాను. తీరా సుమలత ఊరికి చేరాక దాని బ్యాటరీ లేవనే లేదు, ఆ సంగతి వేరు. కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడకు పల్లె వెలుగు బస్సులు ఉంటాయి. ఆగని ఊరంటూ ఉండదు, రెండు గంటలు పట్టిందనుకోండి. ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి ఆధార్ చేతిలో ఉంచుకోండి. నేను బ్యాగంతా తోడుతుంటే కండక్టర్ "నిదానంగా తీయండమ్మా, బస్సేం పరిగెత్తట్లేదుగా" అన్నాడు. కోదాడ మాటలో ఆంధ్ర వాసన ఎప్పుడూ కాస్త తగులుతుంది.

హుజూర్‌నగర్‌లో బస్సు కాసేపు ఆగితే టిఫిన్ బండి దగ్గరికి పోయాను. "ఇడ్లీలు ఒడిసినయ్ అక్కా. నాటు కూలోళ్లు పొద్దుగాలనే పార్సెల్ కట్టించుకపోయిన్రు. బోండా తింటవా?" అంది బండి ఆమె. ముప్పై రూపాయలకు వేడి వేడి బోండాలు తిని, కిటికీ పక్కన కునుకు తీద్దామనుకున్నాను.

నిద్ర పడితేనా! సాగర్ కాలువ నీళ్లు వచ్చాయి కదా, రోడ్డుకు రెండు వైపులా పొలాలన్నీ నిండి ఉన్నాయి. కిటికీ షట్టర్ సగం దించి పైనుంచి వచ్చే ఎండను ఆపాను. అది చాలక ఇంకో ఎండ కింది నుంచి, మడిలోని నీళ్ల మీద పడి నేరుగా కళ్లలోకి కొడుతోంది. విసుగ్గా చున్నీ మొహం మీద కప్పుకున్నాను. కప్పుకున్నాక వెలిగింది. సుమలత డిష్‌కు కూడా ఇదే జరుగుతూ ఉండాలి. మిల్లు మీది నుంచి సిగ్నల్ సూటిగా ఒకటి వస్తుంది, ఎండిన నేల మీదైతే చెదిరిపోయే ఇంకొకటి, నిండు మడి నీళ్ల మీద పడి వస్తుంది. నీళ్లను తాకిన అల తలకిందులవుతుంది. రెండూ చేరే వేళకు ఒకదాని గరిష్ఠం మీద ఇంకోదాని కనిష్ఠం పడితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఈ బొమ్మను ఏటా బోర్డు మీద గీస్తూనే ఉన్నాను. కింద గీత గీసి 'భూమి' అని రాస్తాను, అంతే. ఆ భూమికి ఎవరైనా నీళ్లు పెడతారని నాకు ఏనాడూ తట్టలేదు.

మిర్యాలగూడ బస్టాండు నుంచి షేర్ ఆటోకు నలభై రూపాయలు. డాబా ఎక్కేసరికి నా మోకాళ్లు ఇక చాలన్నాయి. పైన నాగేశ్ మూడో పైపు సిద్ధం చేసుకుని వెల్డింగ్ మనిషి కోసం చూస్తున్నాడు.

"రెండుసార్లు పెంచినం మేడం. పెంచిన రోజు బాగుంటది, పక్క మడికి నీళ్లు పెట్టంగనే మళ్ల ఖతం. ఎత్తు సాల్తలేదు," అన్నాడు.

"దించుదాం నాగేశ్."

"దించుడా?" వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. "యాంటెన్నా ఎవలన్న కిందికి దించుతరా? మా తాత టీవీ కొన్నప్పటి సంది సిగ్నల్ రాకుంటే కట్టె పొడుగు చేసుడే తెలుసు. ఊరోళ్లు నవ్వుతరు."

సుమలత మాత్రం నవ్వలేదు. ఇటుక పెళ్ల తీసుకుని పిట్టగోడ మీద లెక్క వేసింది. రెండు డిష్‌ల ఎత్తులను గుణించి, రెట్టింపు చేసి, మధ్య దూరంతో భాగిస్తే, నీళ్ల మీదుగా వచ్చే అల ఎంత ఎక్కువ దూరం నడుస్తుందో తెలుస్తుంది. రెండు కిలోమీటర్ల దారిలో ఆ తేడా మూరెడు కూడా లేదు. కానీ వీళ్ల సిగ్నల్‌లో ఒక అల పొడవు మూడు వేళ్ల వెడల్పే, తేడా అందులో సగం మారితే సరిపోతుంది. స్తంభం మీది డిష్ ఐదారు అడుగులు కదిలితే చాలు, చంపుకునే అలలు కలిసిపోతాయి. పైకి కదిపినా అంతే, కానీ ఎంత పెంచాలో తెలియక వీళ్లు పైపు పొడవు ఎంతుంటే అంత పెంచుతూ వచ్చారు.

కింద మడిలో నారు పంచుతున్న రైతు లింగయ్యను చూసి, "మామా, ఒక్క గంట నీళ్లు తీసేస్తవా?" అని కేకేసింది సుమలత, సగం వేళాకోళంగా.

"మీ సిగ్నల్ కోసం నా వరిని సంపుకోవాల్నా బిడ్డా?" అని ఆయన తల కూడా ఎత్తలేదు.

ఇక నాగేశ్ గొణుక్కుంటూనే స్తంభం ఎక్కి క్లాంపులు వదులు చేశాడు. కాస్త కాస్తగా దించుతుంటే సుమలత ఫోన్‌లో అంకెలు చూసి అరుస్తోంది. మొదట సిగ్నల్ ఇంకా పడిపోయింది. అయినా నేను ఆగమనలేదు. ఇంకొంచెం, ఇంకొంచెం. ఒక్కసారిగా అంకెలు లేచి నిలబడ్డాయి. "ఆపు! గాడనే ఆపు!" అని సుమలత గంతు వేసింది. పొద్దుటి నుంచి ఫిర్యాదులతో మోగుతున్న ఆమె ఫోన్ మూగబోయింది. అన్నం తిని, మధ్యాహ్నమంతా ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఒక్క కాల్ రాలేదు.

నాలుగింటికి ఏజెంటు బైక్ మీద వచ్చాడు. సుమలత భర్త వైపు చూసింది. నాగేశ్ తల వంచుకుని, "ఆమెనే అడుగుర్రి అన్నా, లెక్క ఆమెకే తెలుసు," అన్నాడు.

"కనెక్షన్లు ఇయ్యం అన్నా," అంది సుమలత. "చాయ్ తాగి పో."

సూర్యాపేటకు నేరు బస్సు దొరక్క, మళ్లీ కోదాడ దారిలోనే తిరుగు బస్సులో ఒళ్లంతా పులిసిపోయి కూర్చున్నాను. ఇన్నేళ్ల నా పాఠాల వల్ల ఒక మనిషి పని నిలబడటం కళ్లారా చూడటం ఇదే మొదటిసారి. ఇన్ని బ్యాచ్‌లకు ఒక్కతేనా అని నేరేడుచర్ల దాకా దిగులుపడ్డాను, నిజం చెబుతున్నాను. తర్వాత "ఆమెనే అడుగుర్రి" అన్న నాగేశ్ మాట గుర్తొచ్చి కళ్లు తడిశాయి. ఎవరూ చూడకుండా చున్నీతో తుడుచుకున్నాను.

ఈ దారిలో వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఆదివారం పొద్దుగూకాక మిర్యాలగూడ నుంచి కోదాడ వైపు బస్సులు పలచబడతాయి, దిగగానే తిరుగు బస్సు సమయం అడిగి పెట్టుకోండి. నేను అడగలేదు. బస్టాండులో చాలాసేపు నిలబడ్డాను, మోకాళ్లు తిడుతూనే ఉన్నాయి, సోమవారం మొదటి పీరియడ్‌లో ఈసారి 'భూమి' గీత మీద నీళ్లు ఎలా గీయాలా అని ఆలోచిస్తూ.