గిల్లి తెచ్చిన పగడం

మా ఇంట్లో నల్లా నీళ్లు మాకు, ఫిల్టర్ నీళ్లు తొట్టికి. మిర్యాలగూడలో మేమున్న ఇంటి పక్కగదిలో మా ఆయన సముద్రాన్ని పెట్టించిన రోజుల సంగతి ఇది. తెలంగాణ ఇంకా రాలేదు, కరెంటు మాత్రం రోజూ పోయేది. ఆయన జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేవాడు. బోర్డు మీద పగడాల బొమ్మ గీసీ గీసీ విసుగొచ్చిందో ఏమో, అసలు పగడాన్నే ఇంటికి తెచ్చి పెంచుతానన్నాడు. బజారుకు పోయి ఉల్లిగడ్డలు తెమ్మంటే మరిచిపోయే మనిషి, హైదరాబాదు నుంచి బస్సులో ఒళ్లో ప్లాస్టిక్ సంచి పెట్టుకుని, కుదుపు కుదుపుకూ దానిలోకి తొంగి చూసుకుంటూ వచ్చాడు. సంచిలో ఉప్పునీళ్లు. నీళ్లలో ఒక రాయి. రాయి మీద ఇంత ఊదారంగు తోలు.

మా అత్తమ్మ కళ్లద్దాలు సవరించుకుని చూసింది. "గిదేందిరా?"

"పగడం, అమ్మా."

"పగడమంటే ఎర్రగుంటది. నిన్నెవడో మోసం జేసిండు పో."

ఇక ఆ రోజు నుంచి మా బతుకు తొట్టి చుట్టూ తిరిగింది. సముద్రపు ఉప్పు పొట్లాలు పార్శిల్లో వచ్చేవి. ఆయన వాటిని ఫిల్టర్ నీళ్లలో కలిపి, గాజుగొట్టం ముంచి, కన్ను మూసీ తెరిచీ ఉప్పు పాళ్లు చూసేవాడు. నా కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో చెప్పమంటే ఏనాడూ చెప్పలేదు. రైసుమిల్లుల ఊక బూడిద తొట్టిలో పడుతుందని కిటికీలు మూయించాడు. ఎండాకాలం కరెంటు పోతే ఇన్వర్టర్ తొట్టిలో నీళ్లు తిప్పే పంపుకే, మాకు విసనకర్ర. ఫ్రిజ్‌లో పాలకు చోటుండేది కాదు, అన్నీ ఐసు సీసాలే. నీళ్లు వేడెక్కితే వాటిని తొట్టిలో తేలేసేవాడు. "నాకు గూడ ఒకటి ఇయ్యిరా, నెత్తి మీద పెట్టుకుంట" అని అత్తమ్మ అడిగితే, నవ్వాడే గానీ ఇవ్వలేదు.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. కొన్నాళ్లకు ఆ తోలులోంచి పచ్చటి పోగులు విచ్చుకున్నాయి. లైటు వేస్తే లేచేవి, నీటి వాలుకు ఊగేవి, ఆర్పితే ముడుచుకునేవి. అప్పుడే నాటు పడిన మడిలా ఉండేది. నేను పాఠాలు చెప్పే బడికి పోయేముందు చీర కుచ్చిళ్లు పట్టుకునే ఒక్క నిమిషం దాని ముందు నిలబడేదాన్ని. ఆయన చూస్తే మాత్రం, "ఈ గడ్డికి ఇంత సోకా?" అనేదాన్ని.

ఆ తర్వాత అసలు పిచ్చి మొదలైంది. తోలు అంచును కత్తిరించి, ముక్కను చిన్న రాయికి గమ్ముతో అంటించి, తొట్టి అడుగున పెట్టేవాడు. అది పాకి రాయిని కమ్మేస్తే, దాని అంచు కత్తిరించి మరో రాయికి. అచ్చంగా నారు పోసినట్టు వరసలు. పంట మాత్రం ఎవరికీ ఇవ్వడు. హైదరాబాదులో ఇట్లాంటి తొట్లున్న వాళ్లంతా ముక్కలు ఇచ్చిపుచ్చుకుంటారని, ఒకరి దగ్గర చస్తే ఇంకొకరి దగ్గర దొరుకుతుందని ఆయనే చెప్పేవాడు. "మరి మీరూ ఎవరికన్నా ఇయ్యరాదుండ్రి" అంటే, "ఈ జిల్లల దీని ఇలువ తెల్సినోడు ఎవడున్నడు?" అని గడ్డం పైకెత్తేవాడు.

ఒకడు అడిగాడు పాపం. కోదాడలో నా చెల్లెలి భర్త, సిమెంటు వ్యాపారి. మా తొట్టి చూసి ముచ్చటపడి, హాల్లో ఇంతకు రెండింతల తొట్టి కట్టించుకుని, రంగురంగుల సముద్రపు చేపలు వేయించాడు. "అన్నయ్యా, ఆ పచ్చది ఒక్క ముక్క ఇస్తే మా రాళ్ల మీద పెట్టుకుంటాం" అన్నాడు. మా ఆయన, "గిది సిమెంటు బస్తా గాదు, పైకెత్తి పడేస్తే పడుండనీకె" అన్నాడు. ఆ పిల్లవాడు మొహం చిన్నబుచ్చుకుని, కాఫీ సగం తాగి లేచాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మా చెల్లె ఊరుకునే రకమా! మా అమ్మ పెంపకం అట్లాంటిది. మనీప్లాంటు అడిగి తెచ్చుకుంటే పెరగదని, దొంగతనంగా తెస్తేనే పాకుతుందని అమ్మ నమ్మకం. ఎవరింటికి పోయినా వచ్చేటప్పుడు ఆమె కొంగులో ఒక తీగ ఉండేది. అడ్డం నిలబడి ఆ ఇంటామెతో కబుర్లు చెప్పడం మా అక్కచెల్లెళ్ల డ్యూటీ. ఆ తర్వాతి ఆదివారం చెల్లె ఒక్కతే వచ్చింది, తిన్నది, నవ్వింది, నీళ్లబాటిల్ పట్టుకుని బస్సెక్కింది. నాకు కూడా అనుమానం రాలేదంటే చూడండి, ఎంత చెయ్యి తిరిగిందో.

మూడో రోజుకు దాని దొంగతనాన్ని అదే బయటపెట్టుకుంది. ఫోన్ చేసింది. స్పీకర్ మోగుతోంది, మా ఆయన పక్కనే అన్నం తింటున్నాడు. "అక్కా, బావగారిని అడుగు, అది ముడుచుకునే ఉంది. చచ్చిందంటావా, సిగ్గుపడుద్దంటావా?" కోదాడకు కాపురం పోయాక దానికి బావ కాస్తా బావగారయ్యాడు.

ఆయన ముద్ద కంచంలోనే వదిలి తొట్టి దగ్గరికి ఉరికాడు. పెద్దరాయి వెనకవైపు, గోటితో గీరిన గుర్తు. వచ్చి ఫోన్ గుంజుకున్నాడు.

"నా ఇంట్ల తిని నా ఇంట్లనే దొంగతనమా?"

"అయ్యో, దొంగిలిస్తేనే పెరుగుద్ది బావగారూ, మా అమ్మ చెప్పేది. మొక్కే కదా!"

"మొక్క గాదు! జంతువు!"

"అయితే మేకపిల్లను తోలుకుపోయినట్టు అనుకోండి" అని కిసుక్కుమంది.

ఆ కిసుక్కు కొంప ముంచింది. ఆ రోజు నుంచి ఆయన నోట మరదలన్న మాట లేదు, 'కోదాడ దొంగ' అనే. వాళ్లు మా గడప తొక్కొద్దన్నాడు, నన్ను పోవద్దన్నాడు. నాకున్నది ఒక్క చెల్లె. అమ్మ పోయాక పండగపూట నాకు జాకెట్టు గుడ్డ పెట్టే చెయ్యి అదొక్కటే. వేలెడంత తోలుకోసం దాన్ని నాకు కాకుండా చేశాడు. బడి నుంచి దొంగచాటుగా ఫోన్ చేసుకునేదాన్ని, నేనేదో లేచిపోయేదాన్నయినట్టు.

అంతటితో ఆగాడా? పక్కగదికి తాళం కొట్టాడు. తాళంచెవి మొలతాడుకు. అత్తమ్మ అడిగింది, "గా గదిల బంగారమేమన్న ఉన్నదారా?"

ఎండలు ముదిరిన రోజుల్లో పెద్దవూరలో ఆయన మేనమామ కొడుకు పెళ్లి. మేమిద్దరం పోయాం, అత్తమ్మ ఇంట్లో ఉంది. తాళంచెవి పెళ్లికొచ్చింది. పొద్దున పోయిన కరెంటు మధ్యాహ్నం దాకా రాలేదని అత్తమ్మ ఫోన్. "పంపు సప్పుడు బందైంది బిడ్డా. ఐసు సీసలు పట్టుకోని తలుపు కాడ నిలవడ్డ. తాళం పగలగొట్టియ్యాల్నా?"

"వద్దు! ఎవ్వరు లోపలికి పోవద్దు. కరెంటొస్తే ఇన్వర్టర్ మల్ల అందుకుంటది" అన్నాడు, అప్పగింతలకు లేస్తూ.

కరెంటు రాలేదు, ఇన్వర్టర్ అందుకోలేదు. మేం వచ్చి తలుపు తీసేసరికి వాసన గుప్పుమంది. నీళ్లు పాలలా విరిగి ఉన్నాయి. పెద్దరాయి, నారు వరసలు, అన్నీ ఒకే తొట్టి, అన్నీ ఒకేసారి పోయాయి. పచ్చదనమంతా బూడిదరంగు జిగురైంది. తలుపు బయట నేల మీద ఐసు కరిగిపోయిన సీసాలు, వాటి పక్కన నీళ్ల మడుగు. ఆయన కింద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. అంతకాలం ఆడిపోసుకున్నదాన్ని నేను, ఆ క్షణాన నాకూ ఏడుపు ఆగలేదు. అత్తమ్మ మాత్రం, "తాళం మంచిగున్నది సూడు, ఎవ్వడు ఎత్తుకపోలే" అని లోపలికి పోయింది.

కొన్నాళ్లు ఉత్త ఉప్పునీళ్ల ముందు కూర్చునేవాడు. హైదరాబాదు షాపులో అడిగితే అట్లాంటిది ఇప్పుడు లేదన్నారట. ఇంతలో చెల్లె కూతురి ఓణీల ఫంక్షన్ కార్డు పోస్టులో వచ్చింది. నేను పెట్టె సర్దుకున్నాను. "మీరొచ్చినా రాకున్నా నేను పోత. ఆపితే ఊకోను" అన్నాను. ఆయన గోడ వైపు చూస్తూ, "పోకుంటే బాగుండదు గద, మర్యాద ఉంటది" అన్నాడు. మర్యాదకు వెడల్పు మూతి పచ్చడి సీసా ఎందుకో! కడిగి, తుడిచి, తువ్వాలలో చుట్టి తన సంచిలో దాచుకుంటుంటే నేను చూడనట్టు చీర మడతపెట్టుకున్నాను.

కోదాడలో వాకిట్లో అడుగు పెట్టగానే చెల్లె నన్ను కావలించుకుని వదల్లేదు. దాని భుజం మీదుగా హాల్లో తొట్టి కనబడింది. అమ్మతోడు, పెద్దరాయి మొత్తం పచ్చగా పాకింది, పోగులన్నీ ఊగుతున్నాయి. నా పక్కన మా ఆయన గుటక మింగిన చప్పుడు నాకు వినబడింది. అడగడానికి నోరు రాదు మహానుభావుడికి.

భోజనాలవేళ హాల్లోకి పోబోతే చెల్లె నా చెయ్యి పట్టి వంటింట్లోకి లాగింది. "అటు పోకు అక్కా. బావగారు పనిలో ఉన్నారు." తొంగి చూశాను. హాలు తలుపు దగ్గరకు వేసి ఉంది. బయట మా మరిది కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చిన చుట్టాలకల్లా "లోపల ఏసీ బాగు చేస్తున్నారండీ, అటు నుంచి రండి" అని దారి మళ్లిస్తున్నాడు. చెల్లె నా చెవిలో గొణిగింది: "కత్తెర తొట్టి పక్కనే పెట్టాను. ఆయన తేలేదేమోనని."

"అడగకుండనే ఇస్తే అయిపోవు గద, పిచ్చిదానా?"

"ఇస్తే పెరగదక్కా" అంది.

నాకు నవ్వాగలేదు, కళ్లు తుడుచుకోవడమూ ఆగలేదు.

మా ఆయన పంక్తిలోకి వచ్చి కూర్చున్నాడు, సంచి కాళ్ల మధ్య ఇరికించుకుని. కొత్త చొక్కా కుడి చెయ్యి పైదాకా నీళ్లోడుతోంది. మా మరిది విస్తరి వేస్తూ వంగి, "చెయ్యి తడిసినట్టుందే, అన్నయ్యా?" అన్నాడు.

"కడుక్కున్న."

"భుజం దాకానా?"

పంక్తిలో ఎవరో పొలమారారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తల దించుకుని విస్తరి మీద నీళ్లు చల్లుకున్నాడు. చెల్లె పప్పు గిన్నె పట్టుకుని ఎదురుగా నిలబడింది, గరిటె పైకెత్తి. వెయ్యనా వద్దా అని నా వైపు చూసింది.

"ఏంది మరదలా, అట్ల నిలవడ్డవ్?" అన్నాడు, తల ఎత్తకుండానే. "రెండు గరిటెలు వెయ్యి."